ఒకచోట పనిచేయువారి పొరపొచ్చెములు



 నేటి నా ప్రసంగవిషయము ఒకచోట కలసి పనిచేయువారిలో పుట్టు పొరపొచ్చెములు. పాఠశాలయందుగాని, కచేరియందుగాని, సహకారసంఘమునందుగాని, పాలకేంద్రమునందుగాని నలుగురు చేరి ఒక పని చేయునపుడు వారిలో ఒకరికొకరికి పొసగకపోవుట లోకసహజము. ఇది రేడియోలో ప్రసంగింపదగినంత పెద్ద విషయమా యని మీలో కొందరనుకొనవచ్చును. నేనును ఒకప్పుడట్లే యనుకొంటిని. ముప్పదియేండ్లకు పైబడి తెలుగు పండితుడుగా పనిచేసి, విశ్రాంతి గైకొని యింట కూర్చున్నవాడను. చేసిన తప్పులు లెక్కించుకొనుటకు ఇప్పుడు కావలసినంత తీరిక కలదు. వానిలో నా మనస్సును నేటికిని కలచునది ఏనాడో తప్పుగా చెప్పిన వ్యాకరణసూత్రము కాదు. తోటి ఉపాధ్యాయునితో ఎనిమిది నెలలు మాటలాడకుండుట.

బంధువుతో పడనిచో పెండ్లికో పేరంటమునకో పోకుండ తప్పించుకొనవచ్చును. పొరుగువానితో పడనిచో నడుమ గోడ పెట్టుకొనవచ్చును. తోటి ఉద్యోగితో పడనిచో ఆ సౌకర్యము లేదు. అతడు ప్రతిదినము మన ప్రక్క కుర్చీలోనే కూర్చుండును. హాజరుపట్టీలో మన పేరునకు మీదనో క్రిందనో సంతకము చేయును. అతడు ముగించిన చోటినుండియే మన పని మొదలు కావలసియుండును. అందుచేత ఈ కలహమునకు తక్కిన కలహములకు లేని గుణమొకటి కలదు. కలహించిన యిరువురును నెలజీతము తీసికొని సుఖముగనే యుందురు. నష్టపడువాడు మూడవవాడు. ఈ సంగతిని నేను గ్రంథములలో చదివితిని, పిల్లలకు బోధించితిని. అయినను అనుభవమునకు వచ్చువరకు తెలిసికొనలేకపోతిని.

పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853వ సంవత్సరమున వెలువడినది. అందు మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములు కలవు. మిత్రభేదము కథ మీరెల్లరు నెరిగినదే. పింగళకుడను సింహము రాజు. సంజీవకుడను ఎద్దు అతనికి ప్రాణమిత్రము. కరటకుడు, దమనకుడు అనునవి రెండు నక్కలు. దమనకుడు సింహము కడకు పోయి, ఎద్దు నీకు ద్రోహము తలపెట్టినదని చెప్పును. ఎద్దు కడకు పోయి, సింహము నిన్ను చంపజూచుచున్నదని చెప్పును. ఆ పిదప సింహమును ఎద్దును ఎదురుపడినప్పుడు, ఒకదాని చూపులో ఒకటి దమనకుడు చెప్పిన గుర్తులనే చూచుకొనును. ఎద్దు చచ్చును. ఈ పాఠమును నేను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారియు, సంజీవకుడు పింగళకుని సూటిగా ఏల అడుగలేదని పిల్లలను ప్రశ్నించువాడను. ఆ ప్రశ్నను నాకు నేనే వేసికొనవలసిన యేడు ఒకటి వచ్చినది.

అది 1994వ సంవత్సరము. అనంతపురము జిల్లాలో ఒక మెట్టగ్రామమునందలి ఉన్నతపాఠశాలలో నేను పనిచేయుచుంటిని. అచ్చటి గణితోపాధ్యాయుడు వయస్సున నాకంటె చిన్నవాడు, అనుభవమున నాకంటె చిన్నవాడు; కాని హోదాయందును జీతమునందును పెద్దవాడు. ఆ దినములలో రెండవశ్రేణి భాషాపండితుని స్థానము స్కూలు అసిస్టెంటు స్థానమునకు దిగువది. ఏండ్లకొలది గురువుల కడ కావ్యములు, వ్యాకరణము చదివిన నేను అతని పేరునకు దిగువ సంతకము చేయవలసియుండెను. ఈ యేర్పాటు అతడు చేసినది కాదు, ప్రభుత్వము చేసినది. కాని ప్రభుత్వముపై కోపము చూపుట కష్టము, ప్రక్క కుర్చీలోనివానిపై చూపుట సులభము. మన కలహములలో అనేకము ఎదుటివాడు పుట్టించినవి కావని మొట్టమొదట ఒప్పుకొనవలెను. పై యధికారికి చెప్పుకొనలేని బాధను ప్రక్కవానిపై తీర్చుకొనుచుందుము.

దసరా సెలవులు గడచిన పిదప పదవ తరగతివారికి పరీక్షలకై ప్రత్యేకతరగతులేర్పాటైనవి. ప్రధానోపాధ్యాయుడు సాయంకాలము చివరి పీరియడును నాయొద్దనుండి తీసి గణితమునకిచ్చెను. ఆ మధ్యాహ్నముననే మాలో ఒకడు నాకడకు వచ్చి, "పండితులవారూ, విన్నారా? తెలుగులో తప్పేవాడెవడు, ఆ పీరియడు లెక్కలకివ్వండి అన్నాడట ఆయన" అని చెప్పెను. చెప్పినవాడు నాయందలి గౌరవముచేతనే చెప్పెననుకొంటిని. ఒళ్లు మండెను. తెలుగనిన అంత చులకనయా అనుకొంటిని. పోయి అడుగనైతిని. అడుగుటకు గణితపు తరగతి ఇరువది అడుగుల దూరముననే యుండెను. మరుసటి దినమునుండి అతడు గదిలోనికి వచ్చినచో నేను పత్రిక విప్పి ముఖమునకడ్డముగా పట్టుకొనుచుంటిని. నేను వచ్చినచో అతడు సుద్దముక్క తీసికొని లేచిపోవుచుండెను. అతని చెవిని వేయబడిన నా మాట కూడ ఏదైన నుండవచ్చునని నాకు తోచనైన లేదు.

కొన్ని వారములకు జిల్లా విద్యాశాఖాధికారికి ఒక ఆకాశరామన్న యుత్తరము పోయెను. గణితోపాధ్యాయుడు ఇంట ట్యూషన్లు పెట్టి, వచ్చినవారికే మార్కులు వేయుచున్నాడని అందులో నుండెనట. విచారణ జరిగెను. తప్పేమియు తేలలేదు. ఆ యుత్తరము నేను వ్రాయలేదు. కాని అందరు నావైపే చూచిరి. నేను వ్రాయలేదని చెప్పుటకు అభిమానమడ్డుపడెను. అంతకంటె సిగ్గుపడవలసిన మాట ఒకటి కలదు. విచారణనాడు అతని ముఖము వాడియుండుట చూచితిని. ఆ రాత్రి నాకు భోజనము రుచించెను.

నేను పదవ తరగతికి తరగతి ఉపాధ్యాయుడను. కార్తికమాసమున ఆ తరగతిలోని బాలిక యొకతె మూడువారములు బడికి రాలేదు. తల్లికి జబ్బు, చేనిలో వేరుసెనగ పెరుకు పని. ఆమె తిరిగివచ్చి నాకడ నిలిచి, "అయ్యవారూ, లెక్కల్లో చానా పాఠాలు పోయినాయి. మీరొక మాట చెప్తే సారు మళ్లా చెప్తాడు" అని అడిగెను. తెలుగున చురుకైన పిల్ల. లెక్కలనిన బెదురు, లెక్కల సారనిన మరింత బెదురు. నేను చేయవలసినది ఆ ఇరువది అడుగులు నడచి ఒక వాక్యము పలుకుట. "నీవే పోయి అడుగు" అంటిని. ఆమె తల యూచి వెళ్లెను. అడుగలేదని పిదప తెలిసెను. పరీక్షలో ఆమెకు తెలుగున మంచి మార్కులే వచ్చినవి. గణితమున 31 వచ్చినవి. ఉత్తీర్ణతకు 35 కావలయును. మరల వ్రాయుటకవకాశమున్నను ఇంటివారు పుస్తకములు అటుకమీద పెట్టి, పదునెనిమిదేండ్లు నిండకమునుపే, చట్టము వలదన్న పనియే చేసి, పెండ్లిచేసి పంపిరి. ఆ నాలుగు మార్కులు నేను పలుకని వాక్యముచేతనే పోయినవని చెప్పజాలను. కాదనియు చెప్పజాలను.

ఫలితములు తెలిసిన దినమున, బడిగంట కొట్టు అటెండరు, వృద్ధుడు, అక్షరములు రానివాడు, నాకడకు వచ్చి నిలిచి మెల్లగా ఇట్లనెను: "స్వామీ, మీరిద్దరు మాట్లాడుకోకపోతే మాకేం పోయె. పిల్లోళ్లు ఎవురితో చెప్పుకోవల్ల?" శాస్త్రములు చదివిన నాకు ఆ ప్రశ్నకు సమాధానము దొరకలేదు.

ఆ సాయంకాలము గణితోపాధ్యాయుని యింటికి పోతిని. దారిపొడవునను నా పక్షమున చెప్పదగిన మాటలన్నియు వరుసగా కూర్చుకొంటిని. గడపకడ చెప్పులు విడుచునప్పటికి అవి యన్నియు మరచిపోతిని. అతడు తలుపు తీసి, ఏమియు ననక, కుర్చీ చూపెను. తెలుగులో తప్పేవాడెవడని మీరన్నది నిజమేనా యని అడిగితిని. అతడు కొంతసేపు తలపోసి, "అన్నాను. తెలుగులో తప్పేవాడెవడు, పండితులవారు అంత గట్టిగా చెప్తున్నారు, ఆ పీరియడు లెక్కలకిస్తే నేను కూడా పిల్లల్ని గట్టెక్కిస్తాను అన్నాను" అని చెప్పెను. ఆ మాట అదియే. నడిమిముక్క మాత్రము నాకడకు రాలేదు.

పిమ్మట అతడు నన్నడిగెను: "నన్ను ట్యూషన్ల వ్యాపారి అన్నారట. నిజమేనా?" ఆ మాట నేనంటిని. నవ్వులకు అంటిని, అతడు వినుటకు కాదు, కాని అంటిని. కాదనుటకు నోరాడలేదు. అన్నమాట నిజమే, అనుట తప్పు అని ఒప్పుకొంటిని. ఉత్తరము సంగతి అతడడుగలేదు. నేనే చెప్పితిని: అది నేను వ్రాయలేదు, కాని వ్రాసినవానిపై నాకు కోపము రాలేదు అని. అతడు చాలసేపు మాటలాడలేదు. లోపలినుండి మజ్జిగ వచ్చెను. త్రాగితిమి. అప్పుడు ఆ బాలిక నన్ను అడిగిన మాటయు, నేనిచ్చిన జవాబును చెప్పితిని. అతడు తల వంచుకొని, "నాకు ఒక్కమాట చెప్పివుంటే" అని, ఆ వాక్యమును ముగింపక ఊరకుండెను.

నాటినుండి మేము ప్రాణస్నేహితులమైతిమని చెప్పి మిమ్ము సంతోషపెట్టజాలను. మా స్వభావములు వేరు. కాని అటుపిమ్మట అతడు బదిలీయై పోవువరకు, ఒక పిల్లవానిగూర్చి చెప్పవలసిన మాట ఏదియు మా యిరువురి నడుమ ఆగిపోలేదు. స్నేహము దైవికముగా దొరకునది. దానిని తోటి ఉద్యోగులందరికడ కోరుట న్యాయము కాదు. పని నడచునంతటి మాటమర్యాద మాత్రము కోరవచ్చును, ఇయ్యవచ్చును.

భారతము చదివిన మీకు ఇట్టి కథ క్రొత్త కాదు. ఉద్యోగపర్వమున భీష్ముడు రథికుల తారతమ్యమును దుర్యోధనునికి చెప్పుచు, అందరు వినుచుండగా కర్ణుని అర్ధరథునిగా లెక్కించెను. కర్ణుడు ఆ యవమానమునకోర్వక, భీష్ముడు జీవించియుండగా యుద్ధము చేయనని ప్రతిన పట్టెను. ఇరువురును ఒకే రాజు ఉప్పు తినినవారు. భీష్ముడు సేనాపతిగా పదిదినములు నడపెను. పదునెనిమిది దినముల యుద్ధమున సగమునకు మించిన కాలము కర్ణుడు రణమునకు దూరముగా నుండిపోయెను. భీష్ముడు శరతల్పమున పడిన పిదప కర్ణుడు ఒంటరిగా పోయి అతని పాదములకడ నిలిచెను. అప్పుడు ఆ వృద్ధుడు అతనిని ఆదరించి, నీ శౌర్యము నేనెరుగుదును, నీ ఉద్ధతిని అణచుటకే పరుషముగా పలికితిని అని తెలిపెను. ఆ మాట సభలో చెప్పియుండిన ఎట్లుండెడిదో! వారిరువురును కడపట మనస్సులు కడుగుకొనిరి. ఆ పదిదినములలో పడిపోయిన పదాతులకు ఆ సమాధానమువలన లాభమేమి? మరల కర్ణుడే సేనాపతియైనప్పుడు, తోచినట్లు పలుకుటకు ముందుగనే అనుమతి పొంది సారథియైన శల్యుడు, రథముమీదనే అతనిని ఎత్తిపొడుచుచు పోయెను. ఈ రెండింటికిని యజమాని దుర్యోధనుడు. తన కొలువులోనివారి పగను తీర్పజాలని యజమానికి ఎంత సేనయుండిన నేమి?

ఇక పెద్దలైన మీకు నేను మనవి చేయునది. మీ కుమారులు, కోడండ్రు, మనుమలు ఏదో యొకచోట నలుగురితో పనిచేయుచుందురు. వారు ఇంటికి వచ్చి తోటివారిపై చెప్పుకొనునప్పుడు మీరేమందురో దానిపై చాల ఆధారపడియున్నది. "వాడి సంగతి చూడు" అనుట సులభము. దానికి మారుగా, నీవు ఆ మాట అతని నోటనే వింటివా, మరియొకని నోట వింటివా అని అడుగుడు. మరియొకని నోటనైనచో, పోయి అతనినే అడుగుమని చెప్పుడు. మాట తెచ్చినవానిని కూడ, దీనిని వారి యెదుటనే చెప్పుదువా అని అడుగుట మంచిది. ఆ ప్రశ్న వేసినచో మోసుకొనివచ్చువారి రాకపోకలు తగ్గును.

అడుగుటకు పోవు కాలమును ముఖ్యము. కోపము పొంగుచున్న గడియలో పోరాదు, వారము గడవనీయరాదు. వారము గడచిన పిదప ఎదుటివాని నడకయందును, దగ్గుయందును కూడ ద్రోహము కనబడుట మొదలిడును. పదిమంది ముందర పోరాదు, ఒంటరిగా పోవలెను. పదిమంది యున్నచో ఎవడును తప్పు ఒప్పుకొనలేడు. పోయినవాడు పనినిగూర్చి మాటలాడవలెను గాని మనిషి గుణమునుగూర్చి కాదు. మీరు గర్విష్ఠులంటినేని అతడు నా గుణములెన్నుటకు మొదలుపెట్టును. చివరి పీరియడు పోయినందున నా వ్యాకరణము మిగిలిపోయినది, ఏమి చేయుదము అంటినేని అతడాలోచింపక తప్పదు. తన తప్పేమైన నున్నచో దానిని ముందుగా చెప్పినవానికి నష్టము లేదు. మజ్జిగ వచ్చినది నేను ఒప్పుకొనిన పిదపనే గాని, వాదించునప్పుడు కాదు.

ఇరువురును ఎదురెదురుగా కూర్చుండలేనంత దూరము పోయినచో మధ్యవర్తి కావలయును. ఆ పని మీవంటివారిది. పాలకేంద్రమున పాలు కొలుచువానికిని లెక్క వ్రాయువానికిని పడదనుకొందము. మీకడకు వచ్చినప్పుడు తప్పెవరిదని మొదట అడుగకుడు. ఆ ప్రశ్నకు ఇరువురును ఏండ్లతరబడి జవాబు చెప్పగలరు. వీరి పోరువలన ఆగిన పని యేది, నష్టపడువారెవరు అని అడుగుడు. తెల్లవారుజామున క్యానులు పట్టుకొని నిలిచియున్న ఆడువారు అప్పుడు వారి కంటబడుదురు. ఒక్కొక్కరి మాట వేరువేరుగా పూర్తిగా వినుడు. పిదప ఇరువురిని కూర్చుండబెట్టుడు. కుదిరిన యొడంబడిక రెండుమూడు వాక్యములే యైనను కాగితముమీద వ్రాయించి సంతకములు తీసికొనుడు. నోటి మాట నెల తిరుగునప్పటికి రెండు మాటలగును. బంధువని, మన వీధివాడని, మన కులమువాడని ఒకవైపు మొగ్గునట్లుండినచో, నేను దీనికి తగనని చెప్పి మరియొక పెద్దను చూపుట గౌరవము.

ఇంతవరకు చెప్పినది పొరపొచ్చెములనుగూర్చి మాత్రమే. అన్యాయము పొరపొచ్చెము కాదు. ఈ భేదమును పెద్దలు తరచుగా మరచుచుందురు. సంఘము డబ్బు తినినవానితో సర్దుకొనుమని చెప్పరాదు. కులమును పేర్కొని తోటివానిని అవమానించినచో అది మాటపట్టింపు కాదు, 1989 నాటి చట్టము క్రింద షెడ్యూల్డు కులములవారిపైని, తెగలవారిపైని జరిగిన నేరము కావచ్చును. పనిచేయుచోట స్త్రీని మాటచేతగాని చేతచేతగాని వేధించినచో, పరువు పోవునని ఆమె నోరు మూయించుట ఆ తప్పులో పాలు పంచుకొనుటయే. ఈ విషయమున సుప్రీముకోర్టు 1997లో మార్గములు నిర్దేశించెను. 2013లో పార్లమెంటు చట్టము చేసెను. ఆ చట్టము ప్రకారము పదిమందిగాని అంతకు మించిగాని పనిచేయుచోట ఫిర్యాదులు విచారించు అంతర్గత సంఘముండవలెను. అంతకు తక్కువమంది యున్నచోటివారు జిల్లాలోని స్థానిక సంఘమునకు చెప్పుకొనవచ్చును. ఫిర్యాదు సామాన్యముగా మూడునెలల లోపల వ్రాతమూలముగా నీయవలెను. మీ యింటి ఆడుబిడ్డ పనికి పోవునదియైనచో ఈ సంగతి ఆమెకు తెలియజేయుడు. ఆమె చెప్పుకొన వచ్చిననాడు తొందరపడి రాజీ మాట తీయక, పూర్తిగా వినుడు.

ముగించుటకు ముందు ఒక మాట. 2009వ సంవత్సరమున నేను అదే ప్రాంతములోని వేరొక పాఠశాలలో నుండగా, ఆరవ తరగతిలో చేర్చుటకై ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆమెయే నన్ను గుర్తుపట్టెను. నేనే పేరడిగి తెలిసికొంటిని. దరఖాస్తు కాగితమును ఆమెయే చక్కని దస్తూరితో నింపెను. సంతకము చేసి లేచి, "అయ్యవారూ, దీనికి తెలుగు మీరు చెప్తారులే. లెక్కలు మాత్రం ఎవురితోనైనా బాగా చెప్పించండి" అనెను. ఆనాటి సంగతి ఆమెకు జ్ఞాపకమున్నదో లేదో నేనడుగలేదు. ఆ పాఠశాలలోని గణితోపాధ్యాయునితో నాకు అంతకు రెండుదినముల ముందే ఏదో పట్టికవిషయమున మాటామాటా పెరిగియుండెను. పిల్ల చేయి పట్టుకొని అతని తరగతి గడపకడకు నడచి, "ఈ పాపను కొంచెం చూసుకోండి" అంటిని. అతడు సుద్దముక్క క్రింద పెట్టి బయటికి వచ్చి, పాపను పేరడిగెను.